పాత దస్తావేజుల్లో అక్షరాలు ఎందుకు రాలిపోతాయి? కాగితంపై ఇనుము, రాగి, పటిక చేసే పని

సంక్షిప్తంగా: కాగితం చివికిపోవడంలో మూడు లోహాల చెయ్యి ఎక్కువ. సిరాలోను, పిన్నుల్లోను ఉండే ఇనుము కాగితాన్ని అటు ఆమ్లంతోను ఇటు ఆక్సీకరణంతోను తెంపుతుంది. ఆకుపచ్చ రంగుల్లో, బైండింగ్ బంకలో ఉండే రాగి క్షారం పెట్టినా ఆగకుండా ఆక్సీకరణం నడుపుతుంది. పటికలోని అల్యూమినియం ఆక్సీకరణం జోలికి పోదు, ఆమ్లం మాత్రం పుట్టిస్తుంది. ఒకదానికి పనికొచ్చిన మందు మరోదానికి పనికిరాకపోవడానికి కారణం ఈ తేడాయే.

పాత కచేరీ కట్టలు విప్పినప్పుడు ఒక సంగతి కళ్లకు కడుతుంది. ఒకే కాగితం, ఒకే చేతిరాత, వందేళ్లు ఒకే బీరువాలో ఉంది. రాత లేని అంచులు ఇంకా గట్టిగానే ఉంటాయి. సిరా పడిన చోట మాత్రం కాగితం గోధుమరంగుకు తిరిగి, వెనక్కి ఊరి, పట్టుకోగానే గీత వెంబడి చిట్లుతుంది. లావు అక్షరాలతో చేసిన సంతకమైతే ముక్కగా ఊడి కింద పడుతుంది. దాని పక్కనే, అంతకంటే పాతదైనా, మసిసిరాతో రాసిన కాగితం చెక్కుచెదరకుండా ఉంటుంది. చెదలు పట్టిందనో, కాగితం నాసిరకమనో అనుకోవడం మామూలే. కానీ చెదలకు అక్షరానికీ ఖాళీకీ తేడా తెలియదు. గీత వెంబడే చిల్లు పడిందంటే కారణం ఆ గీతలోనే ఉంది.

## దండ తెగే రెండు దారులు

కాగితంలో ప్రధానమైనది సెల్యులోజ్. గ్లూకోజ్ పూసలు వరుసగా గుచ్చిన పొడవాటి దండ లాంటిది దాని అణువు. మంచి గుడ్డపీలికల కాగితంలో ఒక్కో దండకు వెయ్యికి పైగా పూసలుంటాయి. అక్కడక్కడా తెగుతూ సగటున 200-250 పూసల దాకా దిగితే, కాగితం చూడ్డానికి అలాగే ఉన్నా మడిస్తే విరుగుతుంది.

తెగడానికి దారులు రెండు. మొదటిది ఆమ్ల జలవిశ్లేషణ: ఆమ్లం సమక్షంలో రెండు పూసల మధ్య బంధంలోకి నీటి అణువు చేరి దాన్ని విడగొడుతుంది. ఈ పనిలో ఆమ్లం ఖర్చు కాదు. ఒక బంధం తెంపి మరోదాని దగ్గరికి పోతుంది. రెండోది ఆక్సీకరణం: గాలిలోని ఆక్సిజన్ సెల్యులోజ్‌ను కొద్దికొద్దిగా కాల్చడం. గాలి ఒక్కటే అయితే ఈ పని చాలా నెమ్మదిగా సాగుతుంది. దాన్ని వేగంగా నడిపించేవి లోహ అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న లోహపు పరమాణువులు.

ఈ రెండు దారులూ ఒకదానికొకటి తోడవుతాయి. ఆక్సీకరణంలో సెల్యులోజ్ మీద కొత్త ఆమ్ల సమూహాలు పుడతాయి, వాటితో జలవిశ్లేషణ పెరుగుతుంది. పుల్లబడిన కాగితంలో లోహం బాగా కరిగి అటూ ఇటూ కదులుతుంది, దాంతో ఆక్సీకరణం పెరుగుతుంది. అందుకే మొదటి కొన్ని దశాబ్దాలు ఏమీ కానట్టుండి, ఆ తర్వాత నష్టం ఒక్కసారిగా బయటపడుతుంది.

## ఇనుము: ఖర్చు కాని మంట

1894లో కేంబ్రిడ్జి రసాయనవేత్త హెన్రీ ఫెంటన్, చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్, కొద్దిగా ఇనుప లవణం కలిపి వేస్తే ఆ ఆమ్లం వేగంగా ఆక్సీకరణం చెందుతుందని ప్రకటించాడు. ఆ చర్యకు ఆయన పేరే నిలిచింది. పాత కాగితంలో జరిగేదీ అదే, కాకపోతే నిదానంగా.

ఇనుము రెండు రూపాల్లో ఉంటుంది. రెండు ధనావేశాలున్నది ఫెర్రస్, మూడున్నది ఫెర్రిక్. ఫెర్రస్ అయాన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చివరికి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను మరో ఫెర్రస్ అయాన్ చీల్చినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ బయటికొస్తుంది. ఇది సెల్యులోజ్‌లో ఏ హైడ్రోజన్ చేతికందితే దాన్ని లాగేస్తుంది. హైడ్రోజన్ పోయిన చోట ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, కొత్త పెరాక్సైడ్ తయారవుతుంది, ఇనుముకు మళ్లీ మేత దొరుకుతుంది. ఈలోగా ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది. కథ అక్కడితో ఆగితే నష్టం కొంతలో పోయేది. కానీ వెలుతురు, కుళ్లుతున్న కాగితంలోంచి వచ్చే పదార్థాలు ఆ ఫెర్రిక్‌ను తిరిగి ఫెర్రస్‌గా మారుస్తాయి. ఇనుము మాత్రం తరగదు, అదే అయాన్ మళ్లీ మళ్లీ పనిలోకి దిగుతుంది. చిటికెడు లోహం పేజీకి పేజీని పాడుచేయగలగడం ఇందువల్లే.

ఈ ఇనుము కాగితంలోకి ఎక్కువగా చేరింది సిరాతోనే. యూరప్‌లో మధ్యయుగాల నుంచి 20వ శతాబ్దం దాకా రాతకోతలకు వాడింది ఇనుప సిరా. మాచికాయల (ఓక్ చెట్ల మీద పురుగు వల్ల లేచే బుడిపెల) కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం, తుమ్మజిగురు కలిపి చేసేవారు. మాచికాయలోని టానిన్ అనే వగరు పదార్థం, అన్నభేదిలోని ఇనుము కలిస్తే లేతరంగు ద్రవం వస్తుంది. కాగితం మీద గాలి సోకాక అది నల్లబడి, నీటికి కడిగినా పోని రంగుగా పట్టుకుంటుంది. చెరపడానికి వీల్లేదు కాబట్టే న్యాయ పత్రాలకు దీన్ని ఇష్టపడ్డారు. ఈస్టిండియా కంపెనీ లెక్కలు, ఉత్తరాలు ఈ సిరాతో నిండి ఉన్నాయి. ఫౌంటెన్ పెన్నుల కాలంలో దీని వారసురాలు బ్లూబ్లాక్ సిరా. మన దేశపు ప్రమాణాల్లో కూడా 0.1 శాతం ఇనుము, 0.2 శాతం ఇనుము ఉన్న ఫౌంటెన్ పెన్ను సిరాలకు వేర్వేరు నిర్దేశాలు ఉన్నాయి.

అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఇనుము టానిన్‌ను పట్టుకున్నప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. సల్ఫేట్ ఉంది కాబట్టి అది గంధకామ్లం. అంటే సిరా చుక్క పడగానే కాగితంలోకి ఆమ్లం, ఫెర్రస్ ఇనుము రెండూ కలిసి దిగుతాయి.

## పాళ్లు ఎక్కడ తప్పాయి

ఇనుప సిరాతో రాసిన ప్రతి కాగితమూ చిల్లులు పడదు. ఎక్కువగా పాళ్లను బట్టి ఉంటుంది. 1990లలో నెదర్లాండ్స్‌కు చెందిన యోహాన్ నీవెల్ చేసిన పరిశోధన ప్రకారం ఒక టానిక్ ఆమ్ల (మాచికాయ టానిన్) అణువు సుమారు 3.6 ఇనుప అయాన్లను కట్టిపడేయగలదు. తూకంలో చెప్పాలంటే 10 గ్రాముల టానిక్ ఆమ్లానికి దాదాపు 6 గ్రాముల అన్నభేది. అంతకు మించి పడిన అన్నభేది రంగులో చేరదు. ఫెర్రస్ అయాన్‌గా కాగితంలో స్వేచ్ఛగా తిరుగుతుంది.

మేలురకం మాచికాయలో కూడా టానిన్ సగానికి కాస్త పైమాటే, కషాయంలోకి దిగేది అంతకంటే తక్కువ. పాత తయారీ విధానాలు చూస్తే చాలావాటిలో మాచికాయలు, అన్నభేది సరిసమానంగానో, కొంచెం అటూ ఇటూగానో కలపమని ఉంటుంది. లెక్క చూసుకుంటే అక్కడ అన్నభేది అవసరానికి ఎన్నో రెట్లు పడినట్టు. సిరా త్వరగా నల్లబడాలన్న ఆత్రం ఆనాటి లేఖకులది. గనుల్లో దొరికిన అన్నభేదిలో రాగి, జింకు, మాంగనీసు కూడా కలిసి ఉండేవి. రాగి ఎక్కువున్న సిరా ఇంకా ప్రమాదం.

పాళీ వెడల్పు, సిరా పోసిన తీరు కూడా లెక్కలోకి వస్తాయి. సన్నగీత నిలిచి, అదే సిరాతో అదే పేజీలో గీసిన లావుగీత తెగడం తరచు చూస్తాం. బెర్లిన్ రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్న యోహాన్ సెబాస్టియన్ బాక్ స్వదస్తూరీ స్వరలిపి ప్రతుల్లో సిరా దట్టంగా పడిన స్వరాల తలలే ముందుగా ఊడిపోవడం మొదలైంది. ఈ జబ్బు కొత్తగా గుర్తించిందీ కాదు. వాటికన్ గ్రంథాలయాధికారి ఫ్రాన్జ్ ఎర్లె చొరవతో 1898లోనే స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్‌లో దీని మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది.

## ఒకే గుడ్డ మీద రెండు లోహాలు

ఇనుముకూ అల్యూమినియానికీ తేడా తెలియాలంటే పాత కలంకారీ గుడ్డ కంటే మంచి ఉదాహరణ లేదు. నూలు గుడ్డ కూడా సెల్యులోజే. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగీతలు గీసేది బెల్లం నీళ్లలో తుప్పు ఇనుపముక్కలు ఊరబెట్టిన ద్రవంతో. కరక్కాయలోని టానిన్, ఆ ఇనుము కలిసి నలుపు అవుతుంది. రసాయనపరంగా ఇనుప సిరాకు అది దగ్గరి చుట్టమే. ఎరుపు పట్టించడానికి మాత్రం పటిక పూసి చిరివేరు రంగులో ఉడికిస్తారు.

మ్యూజియంలలో ఉన్న పాత కోరమండల్ గుడ్డల్లో నల్లని అంచుగీతలు తినేసినట్టు పోయి, మధ్యనున్న ఎరుపు పువ్వులు నిలిచి ఉండడం పరిరక్షకులకు బాగా తెలిసిన దృశ్యం. గుడ్డ ఒకటే, వయసు ఒకటే, వెలుతురు ఒకటే. మారింది లోహం మాత్రమే. అల్యూమినియానికి ఒకే ఒక ఆవేశ స్థితి ఉంది. ఇనుములా రెండు రూపాల మధ్య ఊగలేదు కనుక రాడికల్‌లను పుట్టించలేదు.

మరి పటిక కాగితానికి హాని చేసిందని ఎందుకంటారు? జవాబు ఏటిఒడ్డున ఉంది. కలంకారీ పనిలో పటిక పట్టించిన గుడ్డను పారే నీటిలో బాగా జాడిస్తారు. అల్యూమినియం పోగును పట్టుకుని ఉండిపోతుంది, సల్ఫేట్ కొట్టుకుపోతుంది. కాగితం మిల్లులో ఆ జాడింపు లేదు.

## పటిక పట్టిన మిల్లు కాగితం

సిరా పాకకుండా కాగితానికి జిగురు పట్టించాలి. పూర్వం కాగితాన్ని జెలటిన్‌లో ముంచేవారు. 1807లో జర్మన్ మొరిత్స్ ఫ్రీడ్రిష్ ఇల్లిగ్ గుజ్జులోనే రోజనం (ఒక రకం చెట్ల బంక), పటిక కలిపే పద్ధతి ప్రచురించాడు. యంత్రాలకు అది సరిగ్గా సరిపోయింది. 19వ శతాబ్దం గడిచేకొద్దీ అసలు పటిక స్థానంలో చవకైన అల్యూమినియం సల్ఫేట్ వచ్చింది. తేమ తగిలినప్పుడల్లా అది హైడ్రాక్సైడ్‌గా మారుతూ గంధకామ్లాన్ని వదులుతుంది. దానికి చెక్కగుజ్జు తోడైంది.

ఫలితాన్ని వర్జీనియాకు చెందిన విలియం బారో 1950లలో కొలిచి చూపించాడు. 1900-1949 మధ్య అచ్చయిన 500 పుస్తకాల కాగితాన్ని పరీక్షిస్తే 97 శాతం యాభై ఏళ్లకు మించి వాడకానికి నిలవవని తేలింది. ఈ నష్టం సిరా నష్టంలా గీత వెంబడి ఉండదు. పేజీ మొత్తం ఒకేలా పసుపై, పెళుసవుతుంది. చూడగానే రెంటినీ వేరుచేసే గుర్తు ఇదే. దీనికి విరుగుడు తేలిక: ఆమ్లాన్ని తటస్థం చేసి, కొంత కాల్షియం లేదా మెగ్నీషియం కార్బొనేట్‌ను కాగితంలో నిల్వ ఉంచడం. శాశ్వత కాగితానికి 1994లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9706 కూడా పీహెచ్ (ఆమ్ల, క్షారాల కొలత; 7కు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 7.5-10 మధ్య ఉండాలని, కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారపు నిల్వ ఉండాలని చెబుతుంది.

## రాగి: క్షారానికి లొంగనిది

క్షారం వేస్తే ఇనుము చాలావరకు హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి దూకుడు తగ్గించుకుంటుంది. రాగి అలా కాదు. పీహెచ్ 7 దాటినా, 8 దాటినా ఆక్సీకరణాన్ని ఉత్ప్రేరితం చేస్తూనే ఉంటుంది. ఆమ్లం తీసేశాం కదా, ఇక భయం లేదనుకోవడం ఇక్కడ చెల్లదు.

రాగి కాగితంలోకి వచ్చిన దారుల్లో ముఖ్యమైనది చిలుము పచ్చ. రాగిరేకులకు పులిసిన ద్రాక్షరసపు ఆవిరి పట్టించి గీకిన రంగు అది. పర్షియా, హిందుస్థాన్ రాతప్రతుల్లో పేజీ చుట్టూ ఈ రంగుతో గీసిన చట్రం కాలక్రమంలో కాగితాన్ని కోసేయడం, మధ్యలో రాసిన భాగమంతా పలకలా విడిపోవడం జరుగుతుంది. యూరప్ దేశపటాల్లో పచ్చరంగు పులిమిన అడవులు, తీరాలు గోధుమరంగుకు మారి రాలిపోయేదీ ఈ రంగుతోనే. పర్షియన్ చిత్రకారులు చిలుములో కుంకుమపువ్వు కలిపేవారు, అలా కలిపిన చోట కాగితం మెరుగ్గా నిలిచింది.

మన దగ్గర మరో దారి ఉంది, దాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. పుస్తకాల బైండింగ్‌కు ఉడికించే మైదా బంకలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం పాత అలవాటు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. పురుగు రాని మాట నిజమే. కానీ వెన్నుదగ్గర, అట్ట లోపలి కాగితం కింద, బంక పూసిన ప్రతిచోటా రాగిని, ఆమ్ల లవణాన్ని మన చేతులతో మనమే పట్టించినట్టయింది. పుస్తకం తెరిచినప్పుడు పేజీలు వెన్నువారగా వరుసగా విరిగిపోతుంటే ఈ బంకను అనుమానించాలి. కొత్తగా బైండు చేయించేవారు బంకలో తుత్తం, పటిక రెండూ వద్దని ముందే చెప్పడం మంచిది.

ఇనుము, రాగి ఆనవాళ్లకు ఇంకో పని కూడా ఉంది. పట్టణపు గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను కాగితంలోనే గంధకామ్లంగా మార్చడానికి ఇవి తోడ్పడతాయి. రద్దీ రోడ్ల పక్క గ్రంథాలయాల్లో పేజీల అంచులు ముందుగా గోధుమరంగుకు తిరగడానికి ఇదొక కారణం.

## తేమ ఎందుకంత ముఖ్యం

కాగితం పొడిగా ఉన్నంతసేపూ అయాన్ ఉన్నచోటే ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 60-70 శాతం దాటాక పోగుల మధ్య నీటిపొర పెరిగి ఫెర్రస్ ఇనుము, ఆమ్లం గీత దాటి పక్కకు పాకుతాయి. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో తేమ 80 శాతం దాటడం మామూలే. అదే దస్తావేజు పొడి ప్రాంతంలో ఉంటే ఎక్కువకాలం నిలుస్తుంది. వేడి కూడా తోడైతే చర్యలు ఇంకా వేగం పుంజుకుంటాయి.

పాకడాన్ని అతినీలలోహిత దీపం కింద చూడవచ్చు. తొలిదశలో గీత చుట్టూ పసుపుపచ్చ మెరుపు కనబడుతుంది. తర్వాత ఆ మెరుపు ఆరిపోయి నల్లని నీడ మిగులుతుంది, గీత పేజీ వెనక గోధుమరంగులో తేలుతుంది. ఆ పైన పగుళ్లు, చివరికి చిల్లులు. మెరుపు దశలోనే పట్టుకుంటే కాగితాన్ని నిలబెట్టవచ్చు.

## పిన్నులు, క్లిప్పులు, ట్యాగులు

అన్నిటికంటే చవగ్గా ఆపగలిగే నష్టం ఇది. గుండుసూది, జెమ్ క్లిప్పు, స్టాప్లర్ పిన్ను, కొసకు రేకు ఉన్న ఫైలు ట్యాగు అన్నీ ఇనుమే. పైన జింకు పూత ఉంటే మొదట తెల్లపొడి, ఆ తర్వాత తుప్పు. తుప్పు ఫెర్రిక్ రూపంలో ఉంటుంది కనుక ఫెర్రస్ అంత దూకుడుగా ఉండదు, అయినా తేమకు కరిగి మరకగా దిగి, చుట్టూ కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఇత్తడి పిన్ను వాడితే తుప్పు రాదు, రాగి వస్తుంది.

తీసే పద్ధతిలో ఓపిక కావాలి. స్టాప్లర్ రిమూవర్‌తో పీకితే తుప్పుకు అంటుకున్న కాగితం కూడా ఊడొస్తుంది. ముందు పిన్ను కాళ్ల కిందికి సన్నని పాలిస్టర్ షీటు ముక్క జొనపాలి. ఆ షీటు మీద ఆనించి మొండి చాకుకొనతో ఒక్కో కాలును నిటారుగా లేపాలి. కట్టను తిప్పి, అవతలివైపు కూడా షీటు పెట్టి పిన్నును మెల్లగా పైకి తీయాలి. మిగిలిన తుప్పుపొడిని పొడి కుంచెతో దులిపేయాలి, తడపకూడదు. నిమ్మరసం, బట్టల మీది తుప్పుమరకలు తీసే మందులు అస్సలు వాడకూడదు. వాటిలోని ఆమ్లం మరక రంగు తీసేసి, కరిగిన ఇనుమును పోగుల్లోకి ఇంకా లోపలికి పంపుతుంది. కాగితాలను మళ్లీ కట్టడానికి పాత చిల్లుల్లోంచే రంగువేయని నూలుదారం కుట్టడమో, ఆమ్లం లేని కాగితపు మడతలో పెట్టడమో మేలు.

## చికిత్స, చికిత్స పేరుతో జరిగే నష్టం

ముందు ఆ సిరా ఇనుపదా, మసిదా తేల్చుకోవాలి. పరారుణ కెమెరా కింద మసిసిరా నల్లగానే ఉంటుంది, ఇనుప సిరా మసకబారి మాయమవుతుంది. ఫెర్రస్ ఇనుము తగిలితే గులాబీరంగుకు మారే బాథోఫినాంత్రొలిన్ అనే రసాయనం పట్టించిన కాగితపు పట్టీ ఇంకా సులువు. దాని కొసకు స్వేదనజలం చుక్క వేసి, అద్దుడు కాగితంతో తడి తగ్గించి, సిరా మీద అర నిమిషం పాటు పాలిస్టర్ షీటుతో అదిమి తీస్తారు. గులాబీరంగు వస్తే స్వేచ్ఛగా ఉన్న ఫెర్రస్ ఇనుము ఉన్నట్టే. రంగు రాకపోతే పట్టీ మీద 1 శాతం ఆస్కార్బిక్ ఆమ్లం చుక్క వేస్తారు. అప్పుడు గులాబీ వస్తే ఉన్నది ఫెర్రిక్ ఇనుము.

ఫెర్రస్ ఉంటే నిపుణులు చేసే చికిత్స కాల్షియం ఫైటేట్. ఫైటేట్ తవుడులో పుష్కలంగా ఉండే పదార్థం. ఇనుప అయాన్ చుట్టూ చేరి, పెరాక్సైడ్ తగిలే చోటు లేకుండా మూసేస్తుంది. ఫైటేట్ నీటిలో ముంచి, పట్టీ గులాబీ కావడం మానేదాకా కొనసాగించి, ఆ తర్వాత కాల్షియం బైకార్బొనేట్ నీటిలో ముంచి ఆమ్లాన్ని తటస్థం చేస్తారు. చివరికి పలుచని జెలటిన్ పట్టిస్తారు. రెండు పనులూ చేస్తేనే ఫలితం: ఆమ్లం ఒక్కటే తీస్తే ఆక్సీకరణం మిగులుతుంది, ఇనుము ఒక్కటే కడితే జలవిశ్లేషణ మిగులుతుంది. రాగిపై ఫైటేట్ పెద్దగా పనిచేయదు. పచ్చరంగు పేజీలకు తేమ, వేడి, వెలుతురు తగ్గించడమే ఇప్పటికీ ప్రధాన రక్షణ.

తప్పులు ఎక్కువగా జరిగేది అతికింపులో. పగిలిన గీతకు తడి బంకతో కాగితం ముక్క అంటిస్తే ఆ తడి ఫెర్రస్ ఇనుమును గీత నుంచి చుట్టుపక్కలకు తోసేస్తుంది. కొన్నేళ్లకు అతుకు చుట్టూ కొత్త మచ్చ లేస్తుంది. అందుకే పలుచని జపాన్ టిష్యూకు ముందే జెలటిన్ పూసి ఆరబెట్టి, వాడేముందు చెమ్మ మాత్రమే తగిలించి అంటిస్తారు. బాగా ఆక్సీకరణం చెందిన కాగితానికి గాఢ క్షారం కూడా శత్రువే. దెబ్బతిన్న పూసల దగ్గర క్షారం దండను నేరుగా తెంపుతుంది.

జిరాక్స్ షాపులో వేడి లామినేషన్ చేయించడం ఇళ్లలో ఎక్కువగా జరిగే పని. ప్లాస్టిక్ లోపల ఆమ్లం, ఇనుము, చెమ్మ అన్నీ అలాగే ఉంటాయి. చర్య ఆగదు, ఆ పైన కాగితాన్ని బయటికి తీసే వీలుండదు. వారసత్వపు దస్తావేజులకు ఇది చేయదగిన పని కాదు. ఇనప ట్రంకుపెట్టెలో పెట్టక తప్పకపోతే, లోపలి తుప్పు గీకి రంగు వేయించి, అది పూర్తిగా ఆరాక ఆమ్లం లేని అట్టపెట్టెలో కాగితాలు పెట్టి దాన్ని ట్రంకులో ఉంచాలి. ఇనుప సిరా కాగితానికీ పక్క కాగితానికీ మధ్య ఒక తెల్ల కాగితం వేయాలి, లేకపోతే ఒకదాని ఇనుము, ఆమ్లం మరోదాని మీద అద్దుకుంటాయి. పెట్టెను నేల మీద, గోడవారన పెట్టకుండా చెక్కపీట మీద ఎత్తుగా ఉంచి, వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి తెరిచి చూడాలి.